వేల్స్ కొండకు మా అమ్మ మొక్కు

అమ్మకు తలంటే రోజు నాకు ఇంకే పనీ కాదు. పక్షవాతం వచ్చి మంచం పట్టిన మనిషి, ఎనభై దాటినావిడ. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ లేవవు. జుట్టు మాత్రం నడుం దాటి ఉంది. ఆవిణ్ణి మంచం చివరికి లాగి, మెడ కింద ప్లాస్టిక్ షీటు పరిచి, కింద బేసిన్ పెట్టి, ఒక చేత్తో తల పట్టుకుని ఇంకో చేత్తో రుద్దాలి. అదంతా ఆరేసరికి సాయంత్రమవుతుంది. మలేషియాలోని మా ఇపో ఊళ్ళో మధ్యాహ్నం వాన పట్టుకుందంటే ఆరనే ఆరదు. ఆరకపోతే మెడ కింద చెమ్మ, చెమ్మకి పుండు, పుండుకి నర్సు. నర్సు వచ్చి నన్ను తిడుతుంది.

నాకూ అరవై దగ్గర పడుతోంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని మలాయ్ ఆడవాళ్ళకి బాజు కురుంగులు, అంటే వాళ్ళ పొడుగు చొక్కా పావడా జతలు, కుడతాను. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక కథేమీ లేదు, కుదరలేదంతే. అమ్మకి నేనొక్కదాన్నే. మిషను తొక్కడం మొదలుపెడితే చాలు, "పాపా!" అని పిలుపు. నీళ్ళు. మళ్ళీ "పాపా!" ఫ్యాను తగ్గించు. మళ్ళీ పిలుపు, దుప్పటి జారింది. కాస్త కునుకు పట్టిందంటే అప్పుడే ఆవిడకి నేను గుర్తొస్తాను. ఈ వయసులో నన్ను పాపా అని పిలిచేవాళ్ళున్నారని సంతోషించమంటారు మా వీధిలో వాళ్ళు. ఒక వారం వచ్చి ఉండి చూడమనండి, తెలుస్తుంది సంతోషం.

ఆ జుట్టు కత్తిరించెయ్యమని నర్సు చెప్పని వారం లేదు. ఆవిడ క్లినిక్ నుంచి ఇంటికొచ్చి చూసే మలాయ్ ఆవిడ, మంచి మనిషి, నోరు పెద్దది. మెడ వెనకాల పుండు ముదురుతోందనీ, లోపలికి దిగితే ఆసుపత్రిలో పడెయ్యాల్సిందేననీ, ఈ వయసులో అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం కష్టమనీ దాపరికం లేకుండా చెప్పింది. నేను కత్తెర తెస్తే అమ్మ తల అటు తిప్పేసుకుంటుంది. "అది నాది కాదే. మొక్కుకున్నాను. కొండకి ఇచ్చుకోవాల. ఇంకెవులూ ముట్టకూడదు," అంటుంది.

ఆ కొండ మా హాల్లోనే ఉంది, అమ్మ మంచానికి ఎదురుగా గోడ మీద. అదో పెద్ద తైలవర్ణ చిత్రం. చుట్టూ చెక్క చట్రం, దాని బంగారు పూత చాలామటుకు రాలిపోయింది. చిత్రంలో ఒక వాగు, వాగులో రాళ్ళు, నీళ్ళు తాగే ఆవులు, పక్కన రాతి గోడల చిన్న ఇల్లు, ఎర్ర శాలువా కప్పుకుని నడుస్తున్న ఒక ఆడమనిషి. వాటన్నిటి వెనక కొండ ఉండాలి. ఇప్పుడు అక్కడున్నది పసుపుపచ్చటి మందపాటి పెచ్చు. గంధం. మా అమ్మ ఏళ్ళ తరబడి ఏటా రాసిన గంధం.

ఎందుకు రాసిందో చెప్పాలి. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో అమ్మ దొర బంగళా ఊడ్చే పని చేసేది. ఆ బంగళా హాల్లో ఉండేదీ చిత్రం. మా అమ్మమ్మ విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చిన మనిషి. అమ్మకి చిన్నప్పుడు అన్నం పెడుతూ సింహాచలం కొండ గురించి చెప్పేదట. కొండ మీద అప్పన్న, ఏడాదంతా గంధం కప్పుకుని ఉంటాడు, ఒక్కరోజు మాత్రం గంధం తీసి నిజరూపం చూపిస్తారు, కొండ మీంచి నీటిధార పడుతుంది, అని. అమ్మ ఈ మలేషియాలోనే పుట్టింది, సింహాచలం ఎన్నడూ చూడలేదు. చీపురు పట్టుకుని దొర హాల్లోకి వెళ్ళిన మొదటిరోజే, కొండా ధారా ఆవులూ కనబడేసరికి, ఇంకేముంది, అదే సింహాచలమని తేల్చేసింది. రాతి ఇల్లు గుడి. ఆ ఆడమనిషి తల మీద ఉన్న పొడుగాటి నల్లటోపీ నీళ్ళబిందె. బిందె నల్లగా ఎందుకుందని నేను చిన్నప్పుడు అడిగితే, "ఇత్తడి బిందె తోమకపోతే నల్లబడదేటి?" అంది.

నాకు ఆరేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. తోట డిస్పెన్సరీలో డ్రెస్సరు పెదవి విరిచేశాడు. పనికి రాకపోతే ఒప్పుకోరు కనుక, నన్ను పక్కింటావిడకి అప్పజెప్పి అమ్మ బంగళాకి వెళ్ళింది. హాలు ఊడుస్తూ ఆ చిత్రం ముందు నిలబడి, పాప బతికితే నా తల వెంట్రుకలన్నీ నీకే, కొండకొచ్చి ఇచ్చుకుంటానని మొక్కేసింది. నేను బతికాను. అప్పట్నుంచి ఆ జుట్టుకి కత్తెర తగల్లేదు. సింహాచలం వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నారు. ఒకసారి నాన్నకి జబ్బు, ఒకసారి పని పోవడం, ఎప్పుడూ ఏదో ఒక అడ్డం. నాన్న పోయాక ఆ మాటే వెనకబడిపోయింది.

తోట చేతులు మారి, రబ్బరు పీకేసి ఆయిల్ పామ్ వేసినప్పుడు బంగళా ఖాళీ చేశారు. చిత్రం ఒక మూల చిరిగి ఉండడంతో ఎవరికీ పట్టలేదు. అమ్మ అడిగితే ఇచ్చేశారు. మా కుటుంబం ఇపో వచ్చిన లారీలో, వంటసామాన్లకంటే ముందు ఎక్కింది అదే. చట్రం అడుగున చిన్న ఇత్తడి రేకుంటే తుడిచి చదివాను, అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. "ఉత్తర వేల్స్‌లో ఒక దృశ్యం" అని ఇంగ్లీషులో ఉంది. అప్పటికే అమ్మ చట్రానికి పసుపు కుంకుమ బొట్లు పెట్టేసి, కొండకి గంధం అరగదీస్తోంది. ఊరుకున్నాను. అన్నేళ్ళ తరవాత మొన్నామధ్య, పాతసామాన్ల కొట్టున్న చీనా ఆయన తన భార్య బట్టలకోసం వచ్చి, చిత్రం చూసి గుడ్లప్పగించాడు. విక్టోరియా రాణి కాలం నాటి అసలు సిసలు ఆయిల్ పెయింటింగ్ అన్నాడు. గోటితో గంధం గీకబోయాడు. అమ్మ మంచంలోంచి అరిచిన అరుపుకి ఆయన చెప్పులు తొడుక్కోకుండానే గుమ్మం దాటాడు.

ఇక ఆ గొడవ రోజు. నర్సు కట్టు విప్పితే పుండులోంచి వాసన వచ్చింది. ఇంకో వారం చూస్తాను, ఈలోగా జుట్టు తీయకపోతే అంబులెన్సు పిలుస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నేను కత్తెర పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. బతిమాలాను. అమ్మ అదే పాట. "మొక్కు తీరకుండా పోతే నాకు గతి నేదే. ఆ కొండకి ఏటి సెప్పుకోవాల?"

"కొండ ఎదురుగా ఉంది కదే, దానికే ఇచ్చేయ్," అన్నాను.

"బొమ్మకి బొట్టు ఎట్టొచ్చు. జుత్తు కొండకే ఇవ్వాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. రాత్రి నిద్ర లేదు, పొద్దున టీ లేదు, రెండు బాజులు ఆ సాయంత్రానికి ఇవ్వాలి. నోటికొచ్చినట్టు అనేశాను. "అది సింహాచలం కాదమ్మా! ఎన్నాళ్ళు సెప్పకుండా ఉంటాను? తెల్లోళ్ళ దేశం అది! వేల్స్! కింద రేకు మీద రాసున్నాది! నీ బిందె బిందే కాదు, టోపీ! అప్పన్న నేడు, గిప్పన్న నేడు. నువ్వు మొక్కినది తెల్లోళ్ళ కొండకి!"

అమ్మ చిత్రం వైపు చూస్తూ ఉండిపోయింది. అన్నం పెడితే నోరు తెరవలేదు. రోజంతా ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు. ఛీ, నా బతుకు, ఈ వయసులో మంచంలో ఉన్న తల్లిని ఏడిపించాను అనుకుంటూ మిషను తొక్కాను. కుట్టు వంకరపోయింది, విప్పి మళ్ళీ కుట్టాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగించబోతే నోరు విప్పింది.

"నాను సింహాసలం ఎప్పుడు సూసినానే? మాయమ్మ సెప్తే ఇన్నాను, అంతే. నువ్వు కళ్ళు తేలేసినపుడు నా ముందల ఉన్నది ఈ కొండే. దీన్ని సూసే మొక్కినాను. నిన్ను నాకు ఇచ్చినాది ఇదే. తెల్లోళ్ళదయితే నాకేటి, నల్లోళ్ళదయితే నాకేటి?"

"అయితే ఇప్పుడేటంటావు?"

"అయితే జుత్తు అక్కడికే ఎల్లాల."

ఓరి దేవుడా! నిజం చెబితే మొక్కు వదిలిపోతుందనుకున్నాను. వదల్లేదు సరిగదా, ఏకంగా ఇంగ్లండు పక్కకి వెళ్ళి కూర్చుంది. ఇండియా అయితే కనీసం ఎవరో ఒకరు వెళ్ళేవాళ్ళు దొరుకుతారు. వేల్స్‌కి ఎవర్ని పంపను? తల బాదుకోవాలనిపించింది. నవ్వు కూడా వచ్చింది, కానీ నవ్వడానికి ఓపిక లేదు.

నర్సు మళ్ళీ వచ్చినప్పుడు ఈ గోలంతా చెప్పేశాను. నా మీద నేనే విసుక్కుంటూ చెప్పాను. ఆవిడ కట్టు కడుతూ పకపకా నవ్వింది. తరవాత నవ్వు ఆపి, ఏ దేశం అన్నావు అని మళ్ళీ అడిగింది. వాళ్ళమ్మాయి అక్కడే చదువుతోందట, ఉత్తర వేల్స్‌లో, బాంగోర్ అనే ఊళ్ళో. చుట్టూ కొండలేనట. సెలవు దొరికితే కొండలెక్కి ఫోటోలు పంపిస్తుందట.

"జుట్టు ఇవ్వు, పంపిస్తాను. ఆమె తీసుకెళ్ళి వాగులో వదుల్తుంది," అంది మలాయ్‌లో, కూరగాయలు తెస్తానన్నంత తేలిగ్గా.

"మీ మతం వేరు కదా, పిల్లకి ఇబ్బందేమో," అన్నాను.

"వెంట్రుకలే కదా. నేను రోజంతా ముసలివాళ్ళ వెంట్రుకలు దువ్వుతూనే ఉంటాను. ప్రార్థన మీ అమ్మ చేసుకుంటుంది. మా అమ్మాయి నీళ్ళలో వేస్తుంది, అంతే," అంది.

అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పాను. ఆవిడకి మలాయ్ బాగానే వచ్చు, అంతా వింది కూడా, అయినా నా నోటితో చెప్పించుకుంది. "ఏ కొండయినా సరే అంటే కుదరదు. ఇదే కొండ కావాల. ఆ పిల్లగుంటకి కొండ ఎలగ తెలుస్తాది?" అంది.

ఫోటో తీసి పంపిస్తామన్నాను. పంపడానికి కొండ కనబడితే కదా. దాని ఆకారం ఎలా ఉంటుందో నాకే గుర్తు లేదు.

"గంధం తియ్యి," అంది అమ్మ. నేను విన్నది నిజమేనా అని చూశాను. "తియ్యే. ఈ ఏడు నిజరూపం ముందొచ్చినాది అనుకో."

ఆ ఆదివారం చిత్రాన్ని గోడ మీంచి దించాను. దాని బరువుకి నడుం పట్టేసింది. మంచం పక్కనే నేల మీద పాత చీర పరిచి పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి, పిండి, అద్దుతూ కూర్చున్నాను. గంధం పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. ఒకచోట గంధంతో పాటు రంగు కూడా వచ్చేసింది. కింది గుడ్డ కనబడింది. ప్రాణం ఉసూరుమంది. ఆ చీనా ఆయన చూస్తే ఏడ్చేవాడు. "అమ్మా, కొండ ఊడొస్తున్నాదే," అన్నాను. "రానీ. అంతా రాదులే," అంది.

మోకాళ్ళు మొద్దుబారిపోయాయి. చివరికి కొండ బయటపడింది. పెద్దదేమీ కాదు. బూడిదరంగూ ఆకుపచ్చా కలిసిన గుట్ట, కుడిపక్కన శిఖరం కింద ఎవరో కొరికినట్టు చిన్న నొక్కు. ఒక్క చెట్టు లేదు. ఇన్నేళ్ళు అమ్మ గంధం అరగదీసింది దీనికా అనిపించింది.

"ఇంతేనా?" అన్నాను.

అమ్మ తల తిప్పి చాలాసేపు చూసింది. "ఇంతే ఉండేది. నొక్కున్నాది సూడు. నాను ఊడస్తా ఊడస్తా ఆ నొక్కే సూసేదాన్ని," అంది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోతుంటే తుడిచాను.

ఆవేళే జుట్టు తీశాను. నర్సు కూడా ఉంది. పుండు ఉంది కాబట్టి గుండు వద్దు, దగ్గరగా కత్తిరిద్దామంది. అమ్మ ఒప్పుకుంది. ముందు నూనె పెట్టకుండా జడ అల్లి, రెండు చివర్లూ దారంతో కట్టి, నా బట్టల కత్తెరతో కోశాను. తెల్ల జడ చేతిలోకి వచ్చింది. అమ్మ కుడిచెయ్యి ఎత్తి తల తడుముకుంది. అంత చిన్న తల అని నాకు తెలీదు. నాకెందుకో కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. నర్సు మాత్రం మెడ చూసుకుని, అమ్మయ్య, గాలి తగులుతోందంది.

జడ పంపడం దగ్గర ఇంకో పేచీ. నర్సు కూతురికి సంబల్ కారం, ఎండు నెత్తళ్ళూ పెట్టె కట్టి పంపబోతోంది, జడ కూడా అందులోనే పెడదామంది. అమ్మ మంచంలోంచి కెవ్వుమంది. "నీసు పక్కనెట్టకే! కొండకెల్లేది!" అంది. చివరికి నేను మిగిలిన బాజు గుడ్డతో సంచీ కుట్టి, అందులో పెట్టి, దాన్ని బిస్కట్ల డబ్బాలో పెట్టి, డబ్బాకి టేపు వేసి ఇచ్చాను. నర్సు విసుక్కోకుండా నెత్తళ్ళు మానేసి సంబల్ మాత్రమే పంపింది. నాకైతే అంత ఓర్పు ఉండేది కాదు.

తరవాత ఎదురుచూపు. అమ్మ మెడ పుండు మానుతూ వచ్చింది. తలంటడం ఇప్పుడు తడిగుడ్డతో తుడిచినంత పని. అయినా నిద్ర లేదు. "పాపా! సేరినాదా?" "పాపా! ఎక్కినాదా?" నేనేమైనా తంతి ఆఫీసునా? ఎవరినైనా నమ్మి ఇచ్చాక నోరుమూసుకుని ఉండాలని కసిరాను. అమ్మ నోరు మూసింది, కాసేపటికి మళ్ళీ తెరిచింది. పోస్టులో పోతే, ఆ పిల్లకి కుదరకపోతే, అమ్మ ఈలోగా పోతే? అంతా ఇచ్చేసి, తీరిందో లేదో తెలియకుండా పోతుందేమోనని భయం.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక నర్సు ఫోను పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. అక్కడ అప్పుడే తెల్లారిందట. తెరమీద తలకి గుడ్డ చుట్టుకుని, దాని మీద వానకోటు టోపీ వేసుకున్న పిల్ల. ముక్కు ఎర్రబడిపోయింది. గాలి హోరుకి మాట సరిగా వినబడడం లేదు. మేం పంపిన ఫోటో అక్కడ ఎవరెవరికో చూపించి, ఈ నొక్కున్న కొండ ఇదే అయ్యుండాలని ఒక ముసలాయన చెబితే వచ్చిందట. ఫోను చుట్టూ తిప్పింది. తడి గడ్డి, రాళ్ళు, వాగు, గొర్రెలు. వెనకాల కొండ ఉండాల్సినచోట తెల్లగా మబ్బు.

"కొండ కనపడట్లేదు నెనెక్, మంచు పట్టేసింది. సారీ," అంది ఆ పిల్ల. నెనెక్ అంటే మలాయ్‌లో అమ్మమ్మ.

నేను అమ్మ మొహం చూశాను. ఇంతదూరం వచ్చి ఇక్కడ అడ్డం పడితే ఇంక నావల్ల కాదు అనుకున్నాను.

"ఉన్నాదిలే," అంది అమ్మ. "కప్పుకున్నాది. వదిలెయ్యమను."

పిల్ల సంచీ విప్పి జడ తీసి, రెండు చేతులతో జాగ్రత్తగా నీళ్ళలో వదిలింది. అది ఒక రాయికి తగిలి ఆగింది. పిల్ల బూటు తడుపుకుని ఒక పుల్లతో నెట్టింది. జడ తిరిగి, సాగి, వెళ్ళిపోయింది. అమ్మ కుడిచెయ్యి ఒక్కటే పైకెత్తి దణ్ణం పెట్టింది, రెండోది లేవదు కదా.

తరవాత నన్ను చూసి, "ఆ గుంటకి సలేస్తన్నాదే. ఇంటికెల్లిపొమ్మను. ఏడిగా ఏదేనా తాగమను," అంది. నర్సు కూతురితో అదే చెప్పి, ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నేను గిన్నెలు కడగడానికి లేవబోయాను. "ఉండనీ. నువ్వూ తొంగో," అంది అమ్మ. ఊరికే నడుం వాలుద్దామని మిషను పక్కన చాప మీద ఒరిగాను.

లేచేసరికి ఇల్లంతా చీకటి పడుతోంది. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. బయట వాన వచ్చి వెలిసినట్టుంది. గబగబా లేచి లైటు వేసి అమ్మ దగ్గరికి వెళ్ళాను. మెలకువగానే ఉంది. పక్కంతా తడిసిపోయి, చల్లబడిపోయి ఉంది. ఎప్పుడు తడిసిందో. దుప్పటి కిందికి జారి ఉంది, నీళ్ళ గ్లాసు అందనంత దూరంలో ఉంది, పెదాలు ఎండిపోయాయి. ప్రతి చిన్నదానికీ కేకేసే మనిషి, మధ్యాహ్నం నుంచి ఆ తడిలో కళ్ళు తెరుచుకుని అలా పడుకునే ఉంది. నాకు దుఃఖం ఆగలేదు. బట్టలు మారుస్తూ, ఏడుస్తూ, కోప్పడ్డాను.

"ఒక్క కేకెయ్యకపోయావా? ఎందుకు పిలవలేదే?"

"తొంగున్నావు కదేటి," అంది. "ఎన్నాళ్ళకో తొంగున్నావు."